రికాబు పట్టిన చెయ్యి

కిందటి వారం మా తమ్ముడు హోయర్‌ని మూరెడు ఎత్తు రాయి మీద నిలబెట్టి కథ ఆపేశాను. నడుముకి కత్తి, ఎడమ భుజానికి డాలు, ఎదురుగా జీను వేసిన గుర్రం. డెబ్భై దాటిన మనిషిని వారం రోజులు అలా నిలబెట్టిందని నన్ను తిట్టుకున్నవాళ్ళు ఉన్నారట. తిట్టుకోండి. నాకూ వాణ్ణి ఎప్పుడో దించెయ్యాలనే ఉంది కానీ, దిగిన తీరు చెప్పడానికి మనసొప్పలేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు. రాబెన్‌రోడె కోట మా తమ్ముడిది. నేను ఓడాని, వాడికి అక్కని. మొగుడు పోయాక పుట్టింటికొచ్చి ఈ కోట వంటిల్లూ, బీరు కాచే కొట్టూ చూసుకుంటున్నాను. హోయర్‌కి మొదటి భార్య వల్ల ఇద్దరు కొడుకులు. పెద్దవాడు విచ్‌మాన్, చిన్నవాడు లూడెగర్. ఆవిడ పోయాక గిస్లాని చేసుకున్నాడు. గిస్లాకి పిల్లలు పుట్టలేదు. మా వైపు పద్ధతి ఏమిటంటే, మొగుడు పోయిన ముప్పయ్యో రోజు ప్రార్థన అయిపోగానే కోట కొడుకుదైపోతుంది, భార్య మూట కట్టుకోవాలి. మూట కట్టుకుని వెళ్ళడానికి గిస్లాకి ఎవరూ లేరు. ఆమె పుట్టిల్లు పాత గొడవల్లో తగలబడి, ఆ ఊరివాళ్ళు ఆ రాళ్ళు కూడా పట్టుకుపోయారు.

అందుకని సెల్కె ఏటి ఒడ్డున ఉన్న పిండిమర, దాని పక్క ఇల్లు, ఆపిల్ తోట ఆమె బతికినన్నాళ్ళూ ఆమెకే ఉండాలని మా తమ్ముడి కోరిక. పెద్దకొడుకు ఒప్పుకోనన్నాడు. కొడుకు ఒప్పుకోకపోయినా తండ్రి ఇవ్వవచ్చు. కాకపోతే తన ఒంట్లో ఇంకా సత్తువ ఉందని సభ ముందు చూపించాలి. కత్తీ డాలూ కట్టుకుని, మూరెడు ఎత్తు రాయి మీంచి, ఎవరి సాయమూ లేకుండా గుర్రం ఎక్కాలి. కళ్ళెం పట్టుకోవచ్చు, కాలు పెట్టే రికాబు పట్టుకోవచ్చు. ఎక్కేవాడి ఒంటి మీద మాత్రం సాయానికి ఇంకొకరి చెయ్యి పడకూడదు. పడిందా, ఇచ్చినదేదీ చెల్లదు.

రికాబు పట్టడానికి లూడెగర్‌ని పెట్టుకున్నాడు. ఇంకెవరిని పెట్టుకుంటాడు? తల్లి పోయేసరికి వాడికి నాలుగేళ్ళు. అప్పటినుంచీ గిస్లా వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెంచింది. విచ్‌మాన్ ఈనాటికీ ఆమెని 'ఆవిడ' అంటాడు. లూడెగర్ మొదటిరోజు నుంచీ 'అమ్మా' అన్నాడు. వేసవంతా తండ్రీ కొడుకులిద్దరూ గుర్రపుశాల వెనక సాధన చేశారు. మొదట్లో హోయర్ ఉత్త చేతులతో కూడా ఎక్కలేకపోయేవాడు. తర్వాత కత్తితో ఎక్కాడు, ఆ తర్వాత డాలుతో. లూడెగర్ ఎడమచేత్తో కళ్ళెం, కుడిచేత్తో రికాబు పట్టుకుని, "ఇంకొంచెం నాన్నా, ఇంకొంచెం" అంటుంటే నాకు బీరు కొట్టు కిటికీలోంచి వినబడేది. ఇద్దరి కోసం వేడి బీరులో గుడ్డు కొట్టి, తేనె కలిపి పంపేదాన్ని. లూడెగర్ గిన్నెలో తేనె కాస్త ఎక్కువ వేసేదాన్ని, వాడికి చిన్నప్పటి నుంచీ తీపి ఇష్టం.

సరే, సభ.

కోట కింద ఏటి పక్క పచ్చిక మీద జరిగింది. న్యాయాధికారి ఎసికో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. తీర్పు చెప్పే పెద్దమనుషులు టోపీలు తీసి, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా బెంచీల మీద ఉన్నారు. కడుపు నిండాక తీర్పు చెప్పకూడదని నియమం. అందుకే మా దగ్గర తీర్పులు మధ్యాహ్నం దాటవు. ఆడవాళ్ళం కంచెకి ఇవతల నిలబడ్డాం. గిస్లా నా చెయ్యి పట్టుకుంది, పట్టుకున్న సంగతి ఆమెకి తెలియదు.

హోయర్ ఎడమకాలు రికాబులో పెట్టాడు. జీను ముందు కొమ్ము పట్టుకుని ఒక ఊపు ఊగాడు. లేవలేదు. డాలు మోచేతికి కొట్టుకుంది. జనంలో ఎవరో దగ్గారు. రెండో ఊపుకి లేచాడు. పొట్ట జీనుకి ఆనింది, ముఖం ఎర్రబడింది, కుడికాలు గుర్రం వెనక మీదుగా లేచింది, మెల్లగా తిరిగింది, అవతలికి వెళ్ళింది. నేను చూశాను. సూదిలో దారం ఎక్కించలేను గానీ దూరపు చూపు నాకు ఇప్పటికీ బాగానే ఉంది.

అప్పుడు లూడెగర్ రికాబు వదిలేసి, తండ్రి తొడ కింద రెండు చేతులూ పెట్టి పైకి ఎత్తాడు.

అప్పటికే ఎక్కేసిన మనిషిని ఎత్తితే ఏమవుతుంది? అవతలికి ఒరిగిపోయాడు. ఎడమకాలు రికాబులో మెలిపడిపోయింది. గుర్రం మెడ పట్టుకుని వేలాడుతుంటే నలుగురు పరిగెత్తి దించారు. లూడెగర్ మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. "నువ్వు పడిపోతున్నావనుకున్నాను నాన్నా, చూస్తూ ఉండలేకపోయాను" అన్నాడు. జనం అయ్యో అన్నారు. నా పక్కనున్న చర్మకారుడి భార్య ముక్కు చీది, "ఎంత ప్రేమో ఆ పిల్లాడికి" అంది.

ఎసికో లేచి నిలబడ్డాడు. "హోయర్ ప్రభూ, మీ ఒంటి మీద చెయ్యి పడింది."

"పడిందని నాకూ తెలుసు. నేను రమ్మనలేదు."

"పిలిస్తే వచ్చిందా, పిలవకుండా వచ్చిందా అని చూడ్డానికి లేదు. మీరు ఎక్కలేదని నేననను, ఎక్కారనీ అనలేను. రేపు మధ్యాహ్నం దాకా సభ ఉంటుంది. అప్పటిలోగా మళ్ళీ ఎక్కండి, చూస్తాం. లేదంటే పద్దెనిమిది వారాల తర్వాత సభకి రండి."

పద్దెనిమిది వారాలు. ఈస్టర్ నుంచి రక్తం కక్కుతున్న మనిషికి పద్దెనిమిది వారాలట. ఎసికో మంచివాడే, తప్పు మాట్లాడలేదు. అయినా ఆ క్షణంలో వాడి గడ్డం పీకెయ్యాలనిపించింది.

హోయర్ మాత్రం లూడెగర్ తల మీద చెయ్యి వేసి, "పోనీలేరా" అన్నాడు. మర నుంచి పిండి తెచ్చే బండి ఖాళీగా ఉంటే దానిమీద పడుకోబెట్టి కోటకి తీసుకొచ్చాం. ఒళ్ళంతా పిండి అయింది.

హాల్లో పొయ్యి పక్కనున్న పొడుగు బెంచీ మీద పడుకోబెట్టాం. నేను బాతుకొవ్వు వేడిచేసి ఇచ్చాను. గిస్లా నేల మీద కూర్చుని ఎడమ తుంటికి రుద్దుతోంది. లూడెగర్ కాళ్ళ దగ్గర చేరి తండ్రి బూట్లు విప్పుతున్నాడు. కుడి బూటు తీసి పక్కన పెట్టాడు, ఎడమదాని తాళ్ళు ముడి పడిపోయి రావడం లేదు.

"అంత కొవ్వు రాయకు గిస్లా. రేపు జీను మీంచి జారిపోతాను" అన్నాడు హోయర్.

"రేపు ఎక్కుతారా మీరు?" అంది గిస్లా.

"ఎక్కక? ఇవాళ కొంచెంలో తప్పిపోయింది. ఇంకొక్క ఊపు ఉంటే అయిపోయేది. నాలో సరుకు తగ్గిపోయింది, అంతే. పాపం వీణ్ణేమీ అనకండి."

అదీ, ఆ మాటకి ఇంక నేను ఊరుకోలేకపోయాను. బండి వెనక నడుస్తూ వచ్చినంతసేపూ నా మనసులో ఒక్కటే తిరుగుతోంది. వేసవంతా వీడికి రెండు చేతులూ పనిలోనే ఉండేవి. ఒకదాంట్లో కళ్ళెం, ఒకదాంట్లో రికాబు. ఇవాళ మాత్రం హోయర్ రాయి ఎక్కే ముందు లూడెగర్ ఆ కళ్ళెం విచ్‌మాన్ గుర్రాలు చూసేవాడి చేతికిచ్చాడు. నేను అప్పుడే చూశాను. చూసి, పెద్ద సభ కదా, అలా చేస్తారేమోలే అనుకున్నాను.

"లూడెగర్, కళ్ళెం ఎందుకిచ్చావురా?" అన్నాను.

వాడు తల ఎత్తలేదు. "ఏ కళ్ళెం అత్తా?"

"గుర్రానికి ఎన్ని ఉంటాయి? విచ్‌మాన్ మనిషి చేతికి ఎందుకిచ్చావు?"

"గుర్రం బెదురుతోందని..."

"ఏది, మన బూడిద గుర్రమా? అది బెదరడం మానేసి నీ మీసమంత వయసైంది. పిడుగు పడ్డా గడ్డి నములుతూనే ఉంటుంది."

"అక్కా, వదిలెయ్యి" అన్నాడు హోయర్. "పిల్లాడు కంగారుపడ్డాడు. జనాన్ని చూసి నాకే కాళ్ళు వణికాయి."

"నువ్వూరుకో హోయర్. నేను నిన్ను అడగడం లేదు. ఖాళీ చెయ్యి ఎందుకు కావలసొచ్చిందిరా నీకు?"

"అత్తా, నువ్వెప్పుడూ ఇంతే. ఎవరేం చేసినా అందులో పురుగులు ఏరుతావు" అన్నాడు వాడు. గొంతు మాత్రం పలచబడింది.

గిస్లా రుద్దడం ఆపింది. కొంగు లాంటి ఆ పెద్ద పైగుడ్డకి చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ తుడుచుకుంది. ఆమెది పెద్ద గొంతు కాదు. ఈ కోటలో ఆమె ఎవరి మీదా కేకేసింది నేను వినలేదు. "లూడీ, నేనొక్కటే అడుగుతాను" అంది. "కళ్ళెం సంగతి నాకొద్దు. నువ్వు చెయ్యి వేసేసరికి నాన్నగారి కుడికాలు అవతలికి దాటిందా, లేదా?"

వాడు ముడిని ఇంకోసారి లాగాడు.

నాకు వాడి సంగతి తెలుసు. నా దగ్గర వెయ్యి అబద్ధాలాడాడు. తేనె జాడీ పగలగొట్టి పిల్లి అన్నాడు. తండ్రి దగ్గరా ఆడాడు. గిస్లా దగ్గర మాత్రం ఒక్కటీ ఆడలేదు. జ్వరంతో పడి ఉన్న రోజుల్లో చేదు కషాయం మింగావా అంటే, లేదమ్మా ఉమ్మేశాను అని చెప్పేవాడు.

"దాటింది" అన్నాడు.

పొయ్యిలో కట్టె విరిగి నిప్పులు రాలాయి. హోయర్ మోచేతి మీద లేచాడు.

"దాటిందా?"

గిస్లా కొవ్వు గిన్నె పక్కకి జరిపింది.

"నా కాలు దాటిందా? నేను ఎక్కేశానా?" అని నా వైపు చూశాడు. "అక్కా, నువ్వు చూశావా? నాకు కళ్ళు బైర్లు కమ్మాయి, ఏమీ తెలియలేదు. ఎక్కేశానా?"

"ఎక్కేశావురా. నిక్షేపంలా ఎక్కేశావు" అన్నాను.

వాడి ముఖం వెలిగిపోయింది. నిజం చెబుతున్నాను, గిస్లాతో పెళ్ళయిన రోజున కూడా వాడి ముఖం అలా చూడలేదు. "చూశావా గిస్లా? నేను ఎక్కేశాను" అన్నాడు. అంటూ అంటూనే మాట ఆగిపోయింది. కాళ్ళ దగ్గర కూర్చున్న కొడుకు వైపు మెల్లగా తిరిగాడు. ముఖంలోంచి ఆ వెలుగు పోతుంటే చూడలేక నేను పొయ్యిలో కట్టె పెట్టడానికి వంగాను.

"మరి ఎందుకు ఎత్తావురా?" అన్నాడు.

లూడెగర్ లేచి నిలబడ్డాడు. కన్నీళ్ళు ఉన్నాయి గానీ ఇప్పుడు కోపం కూడా ఉంది. "మార్టిన్ పండక్కి నన్ను పాదిరీని చెయ్యడానికి హాల్బర్‌స్టట్ పంపిస్తున్నావు. నెత్తి గొరిగి, నల్ల అంగీ తొడిగి, చచ్చేదాకా చర్చిలో లాటిన్ పాడుకోమంటున్నావు. నాకు ఇష్టమా అని ఒక్కసారి అడిగావా నాన్నా? అన్నయ్యకి కోట. అమ్మకి మర. నాకు క్షవరం."

"ఇంటికి ఇద్దరు వారసులుంటే కొట్టుకు చస్తారని..."

"తెలుసు. ఎన్నోసార్లు చెప్పావు. అడిగావా అని అంటున్నాను. అన్నయ్య అడిగాడు. నీకేం కావాలిరా అని నన్ను పుట్టి బుద్ధెరిగాక అడిగింది వాడొక్కడే. ఆవిడకి మర రాకుండా చూడు, అది నీకు ఇస్తాను, పెళ్ళి చేసుకుని అక్కడే ఉండు అన్నాడు."

"విచ్‌మాన్ అన్నాడా?"

"అన్నాడు. నేను సరేనన్నాను." వాడు గిస్లా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. మర నాదైతే నీదే. నాతోనే ఉంటావు. కిటికీ ఉన్న పెద్ద గది నీకే ఇస్తాను. నిన్ను నేను వెళ్ళగొడతానా?"

"వెళ్ళగొట్టవు" అంది గిస్లా. "నీ భార్య వస్తుంది. ఆమెకి పెద్ద గది కావాలనిపిస్తే?"

"నేను అలాంటి పని చేస్తానా అమ్మా?"

"ఇవాళ పొద్దున అడిగితే, ఇలాంటి పని కూడా చెయ్యవనే చెప్పేదాన్ని లూడీ."

ఆమె కొవ్వు గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. "నీ ఇంట్లో గది అడగలేదు నాయనా నేను. ఎవరూ నన్ను పొమ్మనలేని గడప ఒకటి ఉంటే చాలనుకున్నాను. చిన్నదైనా ఫరవాలేదు. పెళ్ళయి ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ మీ అన్నయ్య కళ్ళలో రోజూ ఆ ముప్పయ్యో రోజు కనబడుతూనే ఉంది. నీ కళ్ళలో కనబడలేదు. అందుకే నిన్ను ఒళ్ళో పెట్టుకుంటే నిద్ర పట్టేది నాకు."

ఈ చేతులతో వాడికి తేనె ఎక్కువ వేశాను కదా, ఆ చేతుల్ని కాల్చుకోవాలనిపించింది. చేతిలో ఉన్న కట్టెతో వాడి వీపు పగలగొట్టేదాన్నే, హోయర్ మాట వినబడి ఆగాను.

"వేసవంతా నాతో పాటు తెల్లారకుండా లేచావు" అన్నాడు హోయర్. మెల్లగా, లెక్క చూసుకుంటున్నట్టు అన్నాడు. "అదంతా కూడా ఇందుకేనా?"

"కాదు నాన్నా. ఒట్టు. అప్పటికి అన్నయ్య అడగలేదు. మొన్న ఆదివారం అడిగాడు."

"ఆదివారం ఎప్పుడు?"

"ప్రార్థన అయ్యాక."

"ప్రార్థన అయ్యాక మనం మళ్ళీ సాధన చేశాం. నేను మొదటి ఊపుకే ఎక్కాను. నువ్వు చప్పట్లు కొట్టావు."

"కొట్టాను."

"అప్పటికే ఒప్పుకున్నావా?"

లూడెగర్ తల ఊపాడు.

హోయర్ వెనక్కి పడుకున్నాడు. పైన దూలాల వైపు తిరిగాడు. "నిన్ను అడగాల్సింది" అన్నాడు. "అది నా తప్పే. అడిగి ఉన్నా నిన్ను పంపేవాణ్ణేమో, కానీ అడగాల్సింది."

"నాన్నా..."

"ఆ బూటు అలాగే వదిలెయ్యి. వెళ్ళి మీ అన్నని రమ్మను. నువ్వు మళ్ళీ రావద్దు."

వాడు గిస్లా దగ్గర ఒక్క క్షణం ఆగాడు. చిన్నప్పుడు బయటికి వెళ్ళే ముందు తల వంచి ముద్దు పెట్టించుకునేవాడు, అలాగే వంచాడు. ఆమె తల ఎత్తలేదు. ఆమె కావాలని చేసిందో, కళ్ళలో నీళ్ళు చూపించడం ఇష్టంలేక చేసిందో నాకు తెలియదు. నేను అడగలేదు.

విచ్‌మాన్ బురద కాళ్ళతోనే వచ్చాడు. వాడిది నిలువెత్తు మనిషి, వాళ్ళ తాత పోలిక. గడప దగ్గరే ఆగి, "పిలిచారట" అన్నాడు.

"తమ్ముణ్ణి కొన్నావా?" అన్నాడు హోయర్.

"కొన్నాను."

"సిగ్గులేదురా?" అన్నాను నేను.

"నాకెందుకు అత్తా సిగ్గు? మర ఇవ్వడం నాకు ఇష్టం లేదని మొదటిరోజే ఈ హాల్లోనే చెప్పాను. సభలో చెప్పాను, ఆవిడ ముఖం మీదా చెప్పాను. నేనేం దాచాను? వాడు అమ్మకానికి ఉన్నాడు, నేను అడిగాను. కొనేవాణ్ణి తిడతావేం, అమ్మినవాణ్ణి తిట్టు."

"అన్న మాట ప్రకారం వాడికి మర ఇస్తావా?" అన్నాడు హోయర్.

"ఇస్తాను. నేను మాట తప్పడం మీరెప్పుడైనా చూశారా?"

"లేదు. చూడలేదు." హోయర్ మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. గిస్లా పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డుపెట్టాడు. "అందుకే పిలిచాను. రేపు మళ్ళీ ఎక్కుతున్నాను. రికాబు నువ్వు పట్టుకోవాలి."

నా చేతిలో కట్టె జారి కాలి మీద పడింది. విచ్‌మాన్ మొట్టమొదటిసారి తడబడ్డాడు. "నేనా?"

"నువ్వే."

"మీరు ఎక్కితే మర పోయేది నాకు. నన్నే పట్టుకోమంటారా? నేనూ వాడిలాగే ఒక చెయ్యి వేస్తే?"

"వెయ్యి. లూడెగర్ వేస్తే ఊరంతా ప్రేమ అంది, ఇప్పుడు కాదన్నా నమ్మరు. ఆడవాళ్ళు ముక్కులు చీదారు. నువ్వు వేస్తే ఎవరైనా ప్రేమ అంటారా? నిన్నటిదాకా వద్దు వద్దని సభలో అరిచినవాడివి. అడ్డుకున్నాడంటారు. అడ్డుకున్నవాడి చేతిని ఎసికో సాయం కింద రాయడు, అది వాడికీ తెలుసు, నీకూ తెలుసు."

"రికాబు వదిలేస్తే?"

"అదీ అందరూ చూస్తారు. కన్నతండ్రి కాలు పెట్టాక రికాబు వదిలేసినవాడని ఈ కొండల కింద ఉన్న ప్రతి కోటలోనూ చెప్పుకుంటారు. ఆ తర్వాత నీ రికాబు పట్టడానికి ఎవడూ రాడు." హోయర్‌కి దగ్గు వచ్చింది. గుడ్డలోకి దగ్గి, గుడ్డ మడిచి పెట్టుకున్నాడు. "నువ్వు నన్ను ముట్టుకోవు విచ్‌మాన్. వదలవు కూడా. నాకు కావలసింది అంతే. నన్ను ప్రేమించేవాడు ఇంకొకడు ఉన్నా వాణ్ణి పిలిచేవాణ్ణి కాదు."

విచ్‌మాన్ నవ్వాడు. అది ఎగతాళి నవ్వు కాదు. వాడి నవ్వు వాళ్ళ నాన్న నవ్వులాగే ఉంటుందని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది.

"సరే, పట్టుకుంటాను" అన్నాడు. "మీరు ఎక్కితే మర ఆవిడదే, ఇంకో మాట మాట్లాడను. పడితే మాత్రం లేపను నాన్నా."

"లేపకు."

విచ్‌మాన్ వెళ్ళబోతూ గిస్లా వైపు చూశాడు. ఆమెతో కోపం లేకుండా మాట్లాడటం నేను వినడం చాలా ఏళ్ళలో అదే మొదటిసారి. "కళ్ళెం కూడా నేనే పట్టుకుంటాను. నా రెండు చేతులూ కనబడుతూ ఉంటాయి" అన్నాడు.

గిస్లా తల ఊపింది. వాడు వెళ్ళిపోయాక ఆమె లేచింది. ఏడుస్తోంది, అదే సమయంలో ముఖంలో ఏదో ఆశ కూడా ఉంది. "వేడినీళ్ళు తెస్తాను. తుంటికి కాపడం పెడితే పొద్దుటికి సర్దుకుంటుంది కదా వదినా?" అంది.

"సర్దుకోక ఏమవుతుంది? వాడు గట్టిపిండం" అన్నాను.

ఆమె అడుగుల చప్పుడు వంటింటి వైపు పోయేదాకా హోయర్ ఆగాడు.

"అక్కా, తలుపు వెయ్యి" అన్నాడు.

వేసి వచ్చి పక్కన కూర్చున్నాను. వాడి నుదుటి మీద చెమట పట్టింది. నేను పైగుడ్డ చివరతో తుడుస్తూ, "ఎంత తెలివిరా నీది. విచ్‌మాన్‌ని పెట్టుకోవడం నాకు చస్తే తట్టేది కాదు" అన్నాను. "ఇంక ఆ ఎడమ బూటు కూడా విప్పేస్తాను, ముడి కోసెయ్యాలి. కాలు కాస్త పైకెత్తు."

వాడు పళ్ళు బిగించి బూటు వైపు చూశాడు. రేపు రికాబులో పెట్టాల్సింది ఆ కాలే. నేను కత్తి పట్టుకుని ఎదురుచూశాను.

"ఎత్తరా" అన్నాను.

"ఎత్తుతున్నానక్కా" అన్నాడు. "ఇందాకటి నుంచీ ఎత్తుతూనే ఉన్నాను."

బూటు బెంచీ మీద ఉన్నచోటనే ఉంది.